చెవులక్క, తెల్ల సాసరు

చెవులక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ఆమె కోపం ఎప్పుడూ ఒక తెల్ల సాసరు మీద ఉండేది. కప్పు ఏనాడో పగిలిపోయి, జత లేక మిగిలిపోయిన మామూలు పింగాణీ సాసరు. దాన్ని చూసి తొమ్మిదేళ్ళు పళ్ళు నూరుకుని, చివరికి ఒకరోజు పొద్దున్నే, షాపులో అందరూ చూస్తుండగా ఆమె తాడోపేడో తేల్చేసింది. ఆ సంగతే చెబుతున్నాను.

ఆమె పనిచేసేది కుక్కల సెలూన్లో. యజమానురాలు పరాయిది కాదు, మొగుడికి స్వయానా అక్క. అంటే చెవులక్కకి వదిన. స్నానం, దువ్వడం, గోళ్ళు కత్తిరించడం, ఆఖర్న చెవులు శుభ్రం చెయ్యడం, ఇదీ అక్కడి వరస. మిగతావి ఎవరైనా చేస్తారు. చెవులు మాత్రం ఆమెకే వదిలేస్తారు. కరిచే కుక్కలు కూడా ఆమె ఒళ్ళో తల పెట్టి కళ్ళు మూసుకుంటాయి కాబట్టి ఆ పేరు పడింది. అసలు పేరు రేషన్ కార్డులో ఉందేమో, పిలిచేవాళ్ళు మాత్రం లేరు.

ఇక సాసరు సంగతి. అది వదిన కనిపెట్టిన మహా ఉపాయం. షాపు మధ్యలో అద్దాల తలుపు ఉంది. ఇవతల కుక్కలు, అవతల సోఫాలో కుక్కలవాళ్ళు. చెవులు తుడిచిన దూదిని సాసరులో పెడితే వదిన దాన్ని రెండు చేతులా పట్టుకుని, నగ చూపిస్తున్నట్టు తీసుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టేది. “చూశారా అండీ! మీ బంగారం చెవుల్లోంచి ఎంత వచ్చిందో!” అనేది. వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, “అమ్మో, అమ్మో” అనేవాళ్ళు, మళ్ళీ మెడ సాచి చూసేవాళ్ళు. ఫోన్లో ఫోటోలు తీసుకున్న మహానుభావులు కూడా ఉన్నారు. మురికి చూస్తే మనుషులకి అదేం ఆనందమో నాకైతే ఈ రోజుకీ అర్థం కాదు.

చిక్కంతా ఎక్కడంటే, బాగున్న చెవిలో మురికి ఉండదు. ఉన్నా ఒక చుక్క. చెవులక్క పద్ధతిగా చేసే మనిషి. అదే వీధిలో ఉన్న పశువుల డాక్టరమ్మ ఇచ్చిన మందు సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకుని, చలి విరిగాక చెవిలో పోసేది. చెవి మొదట్లో బొటనవేలితో మెల్లగా నొక్కుతుంటే లోపల పచక్ పచక్‌మని చప్పుడొచ్చేది. అప్పుడు వదిలేసేది. కుక్క తల విదిలించేది, సగం మందు ఆమె మొహం మీదే పడేది. తర్వాత వేలికి దూది చుట్టుకుని, కంటికి కనిపించినంత మేర, వేలు పోయినంత వరకు తుడిచేది. అంతే. పుల్లల జోలికి పోయేది కాదు. కుక్క చెవి మనిషి చెవిలా తిన్నగా ఉండదు. ముందు కిందికి దిగుతుంది, అక్కడ మూల తిరిగి లోపలికి పోతుంది. ఆ మూల అవతల పల్చటి పొర ఒకటి ఉంటుంది. అది చిరిగితే మళ్ళీ కుట్టే దర్జీ ఎవడూ లేడు.

కానీ తెల్లగా ఉన్న దూది సాసరులో కనిపిస్తే సోఫాలో మొహాలు మాడిపోయేవి. “ఇంతేనా?” అనేవాళ్ళు. వదిన సాసరు వెనక్కి తెచ్చి, “ఇంకా ఉంటుందే, తియ్యి” అనేది. ఉన్నది తియ్యొచ్చు, లేనిది ఎక్కణ్ణించి తెస్తుంది?

ఎక్కణ్ణించి తెచ్చిందో చెబితే నవ్వుతారు. ఫ్యాను మీంచి! చెవులు తుడిచే మూల సోఫాలోకి కనపడదు, అక్కడ నెత్తిమీద ఒక పాత ఫ్యాను ఉండేది. దాని రెక్కల మీద పేరుకున్న జిడ్డు దుమ్ము అచ్చం చెవి గుబిలిలాగే ఉంటుంది. వదిన అవతలికి వెళ్ళగానే చెవులక్క స్టూలెక్కి, రెక్క మీద దూదితో ఒక్క తుడుపు తుడిచి సాసరులో పెట్టేది. సోఫాలో వాళ్ళు “అమ్మో” అనేవాళ్ళు. ఫ్యాను అయిపోయాక కిటికీ ఊచలు, అవీ అయిపోయాక బల్ల అడుగు, ఆ తర్వాత మళ్ళీ ఫ్యాను. నాలుగేళ్ళుగా ఇదే నాటకం. “నా షాపంత శుభ్రమైన షాపు ఈ చుట్టుపక్కల చూపించండి” అని వదిన అందరి దగ్గరా గొప్పలు పోయేది.

అయితే నాలుగేళ్ళ కిందటి వరకు చెవులక్కకి ఈ తెలివి లేదు. ఉండుంటే మొండోడికి ఆ గతి పట్టేది కాదు.

మొండోడు ఒక టీచరమ్మ పెంచిన కుక్క. గోధుమరంగు, నేలకి వేలాడే చెవులు. చెవులు రెండూ ఎర్రగా వాచి వచ్చాడు ఆ రోజు. చెవులక్క పైపైన తుడిచి సాసరు పంపింది. సాసరు వెనక్కి వచ్చింది. మళ్ళీ తుడిచి పంపింది. మళ్ళీ వచ్చింది. మూడోసారీ అంతే. “ఆవిడ నమ్మట్లేదే, ఇంకా తియ్యి” అంది వదిన. అప్పుడు ఆమె పుల్లకి దూది చుట్టింది. మూల దాటింది. ఒక చెవి, తర్వాత రెండోది. ఆ పైన మందు పోసింది. వాడు ఒక్కసారి అరిచాడు. ఆ అరుపు ఆమెకి ఇప్పటికీ గిన్నెలు తోముకుంటున్నప్పుడు వినిపిస్తుంది. సాసరు మాత్రం నిండింది. టీచరమ్మ సంతోషంగా వెళ్ళిపోయింది.

పది రోజులకి టీచరమ్మ వాణ్ణి తీసుకుని మళ్ళీ వచ్చింది. “వీడికి పొగరెక్కిందండీ, పిలిస్తే పలకడం లేదు, నడుస్తూ నడుస్తూ కావాలని పక్కకి ఒరుగుతున్నాడు. నాకు బదిలీ కూడా అయింది. ఎవరికైనా ఇచ్చెయ్యండి” అంది. చెవులక్క వాడి వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టింది. వాడు తిరగలేదు. డాక్టరమ్మకి చూపిస్తే, లోపలి పొరలు రెండూ పోయాయి, మందు ఆ చిల్లుల్లోంచి దిగిపోయి వినికిడి మొత్తం మింగేసింది అంది. ఎవరు చేశారని ఆవిడ అడగలేదు. చెవులక్క చెప్పలేదు. వాణ్ణి ఇంటికి తెచ్చుకుంది. వయసు మీద పడి చెవులు పోయాయని మొగుడికి చెప్పింది, వీధికి చెప్పింది. “ఎంత జాలిగుండె తల్లీ నీది!” అని అందరూ మెచ్చుకుంటుంటే ఆమెకి ఒంటి మీద తేళ్ళు పాకినట్టుండేది.

వదినకీ అదే మాట చెప్పింది. వదిన “అవునా” అని ఊరుకుంది. ఆ రోజు నుంచి మాత్రం తమ్ముడి ఇంటి గుమ్మం తొక్కలేదు. మూడో అంతస్తు, మోకాళ్ళ నొప్పులు అనేది.

సరే, ఇక అసలు రోజుకి వద్దాం.

పొద్దున్నే షాపు తెరిచేసరికి బిల్డింగాయన దిగాడు. అంటే ఆ షాపున్న బిల్డింగు ఆయనదే. షాపు ఇంకో ఐదేళ్ళు అద్దెకిస్తానన్న కాగితం వదిన బల్ల మీద వారం రోజులుగా ఆయన సంతకం కోసం కాచుకుని ఉంది. ఆయన చేతిలో తెల్ల కుక్క, పేరు దొర. పేరుకి తగ్గట్టే ఉంటుంది. మామూలు రోజుల్లో నేల మీద కాలు పెట్టడానికి కూడా ఆలోచిస్తుంది. కుక్కల అందాల పోటీలో పోయినేడు రెండో బహుమతి కొట్టింది. ఈ ఏడు పోటీ మర్నాడే. ఆ పోటీ అంటే బిల్డింగాయన చెవి కోసుకుంటాడు.

ఆ రోజు మాత్రం దొర దొరలా లేడు. తల ఎడమ పక్కకి వాల్చేసుకుని నిలబడ్డాడు. ఉండుండి తల విదిలిస్తున్నాడు, వెనక కాలితో చెవి గీరుకోబోయి మధ్యలోనే కుయ్యిమని ఆపేస్తున్నాడు.

“మొన్న ఊరవతల గడ్డి మైదానంలో పరుగులు పెట్టించానమ్మా. అప్పట్నించీ ఇదే వరస” అన్నాడు బిల్డింగాయన. “చెవిలో మురికి చేరినట్టుంది. పొద్దున నేనే పుల్లకి దూది చుట్టి లోపలికంటా తిప్పాను, ఏమీ రాలేదు. నువ్వయితే తీస్తావని తెచ్చాను. బాగా లోతుగా తియ్యి. రేపు జడ్జీల ముందు వీడు తల నిటారుగా పెట్టి నడవాలి.”

“పుల్ల పెట్టారా?” అంది చెవులక్క.

“మరి వేలు పోదు కదమ్మా!”

ఆమె దొరని ఒళ్ళోకి తీసుకుంది. కుడి చెవి ఎత్తి చూసింది. లేత గులాబీ రంగు, వాసన లేదు, బంగారంలా ఉంది. ఎడమ చెవి ఎత్తగానే పులిసిపోయిన పిండి వాసన గుప్పుమంది. లోపలంతా ఎర్రగా ఉంది. చెవి మొదట్లో వేలు ఆనించిందో లేదో దొర కెవ్వుమన్నాడు. ఆ అరుపు ఆమెకి తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు.

ఆమె చెవిని మెల్లగా కిందికి దించి, దాని మీద అరచెయ్యి కప్పింది.

“ఇది నా పని కాదండీ. డాక్టరమ్మ చూడాలి. లోపల ఏదో ఉంది. పొర ఎలా ఉందో తెలియకుండా మందు చుక్క కూడా పొయ్యకూడదు.”

“డాక్టరు చూస్తే మత్తిస్తుంది, మందులిస్తుంది. రేపటికి వీడు గుడ్డపీలికలా వేలాడతాడు. పోటీ అయ్యాక చూపిద్దాంలే, ముందు నువ్వు తియ్యి.”

“తియ్యను.”

అద్దాల తలుపు ధడాలున తెరుచుకుంది. చేతిలో తెల్ల సాసరుతో వదిన వచ్చింది. “ఏమిటి? ఏమైంది? అయ్యగారూ, మీరు సోఫాలో కూర్చోండి, టీ తెప్పిస్తాను” అంది. ఆయన కదల్లేదు. “నేనిక్కడే నిలబడి చూస్తాను” అన్నాడు.

వదిన చెవులక్క పక్కన వంగింది. గొంతు తగ్గించినా మాట పళ్ళ మధ్య నలుగుతూ వచ్చింది.

“ఏమే, నీకేమైనా మతి పోయిందా? బల్ల మీద కాగితం చూశావా, లేదా?”

“చూశాను వదినా.”

“ఆయన సంతకం పెట్టకపోతే నువ్వూ నేనూ రోడ్డు మీద కూర్చుని చెవులు తుడవాలి. ఏదో కాస్త తీసి చూపించవే తల్లీ. నీ చేతిలో పనేగా! ఆయన నిలబడి చూస్తుంటే నీకు చెయ్యాడదేమో, నేను మాటల్లో పెట్టి అవతలకి తీసుకెళ్తాను.”

చెవులక్క తలెత్తి ఫ్యాను వంక చూసింది. రెక్క మీద సరిగ్గా ఒక దూదికి సరిపడా జిడ్డు ఉంది. వదిన ఆయన్ని రెండు నిమిషాలు కదిలిస్తే చాలు. సాసరు నిండుతుంది, ఆయన ఆనందిస్తాడు, సంతకం పడుతుంది, అందరూ చల్లగా ఉంటారు. ఒక్క దొర తప్ప. వాడు రేపు కూడా తల వాల్చుకునే ఉంటాడు. ఆయన మళ్ళీ పుల్ల పెడతాడు. లేదా అవతలి వీధిలో సెలూన్ వాడు పెడతాడు. నాలుగేళ్ళుగా ఆ ఫ్యాను వల్ల ఏ కుక్కా చెడిపోలేదు, నిజమే. కానీ ఒక్క మనిషికైనా బుద్ధి వచ్చిందా? ఎవరికీ రాలేదు. మురికి రావాల్సిందేనని ఆమే అందరికీ నేర్పి పంపింది. ఆ దుమ్ము చూసే కదా ఈయనగారు పొద్దున్నే పుల్ల పట్టుకున్నాడు! ఆ మాట తట్టేసరికి చెవులక్కకి ఒళ్ళు మండిపోయింది, ముందు తన మీద, తర్వాత మిగతా అందరి మీద.

“అండీ, మీకు ఇన్నాళ్ళూ దొర చెవుల్లోంచి వచ్చిందని చూపించిన మురికి ఉంది చూశారూ, అది ఫ్యానుది” అంది.

“ఆఁ?”

“అదిగో, ఆ ఫ్యాను. వాడి చెవుల్లో ఎప్పుడూ ఏమీ లేదు. దుమ్ము తుడిచి చూపించాను. మీకే కాదు, అందరికీ.”

వదిన నోరు తెరిచింది. ఫ్యాను వంక చూసింది, కిటికీ ఊచల వంక చూసింది, చివరికి బల్ల అడుక్కి కూడా తొంగి చూసింది. “అందుకా మెరిసిపోతున్నాయి!” అని గొణిగింది పాపం.

“ఎంత మోసం! పట్టపగలు మోసం!” అని బిల్డింగాయన ఒంటికాలి మీద లేచాడు.

“మోసమే. కాదని ఎవరన్నారు? అంతకు ముందు మోసం చెయ్యకుండా నిజంగా తీశాను. అదీ వినండి.” చెవులక్క అక్కడితో ఆగలేదు. “ఒక కుక్క చెవుల్లో మీరు చెప్పినట్టే లోతుగా పుల్ల పెట్టి తీశాను. రెండు చెవులూ పోయాయి. వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వయసు మీద పడి పోయాయని నాలుగేళ్ళుగా ఊరంతటికీ అబద్ధం చెబుతున్నాను. నేనే పోగొట్టాను. ఈ చేత్తోనే. ఇంకో కుక్కకి ఆ పని చెయ్యను. మీరు చెప్పినా చెయ్యను, మా వదిన చెప్పినా చెయ్యను, ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చి సోఫాలో కూర్చున్నా చెయ్యను.”

సోఫాలో కూర్చున్న ఒకావిడ తన బొచ్చుకుక్కని దగ్గరికి లాక్కుని చెవులు రెండూ చేతులతో మూసేసింది.

వదిన మొహం పాలిపోయింది. తర్వాత జేవురించింది. “ఏప్రన్ విప్పు” అంది. “తమ్ముడి పెళ్ళానివని తొమ్మిదేళ్ళు నెత్తిన పెట్టుకున్నాను. నా షాపులో, నా జనం ముందు, నా పరువు తీస్తావా? విప్పు. రేపట్నించి రాకు.”

చెవులక్క లేచి నిలబడింది. ఏప్రన్ ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టి, సంతకం కోసం ఎదురుచూస్తున్న ఆ కాగితం మీదే పెట్టింది. దొరని ఎత్తి భుజాన వేసుకుంది. ఎడమ చెవి మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

“ఏప్రన్ నీది వదినా, తీసుకో. వీణ్ణి మాత్రం ఇవ్వను.”

“అది నా కుక్క!” అని అరిచాడు బిల్డింగాయన. “పోలీసుల్ని పిలుస్తాను!”

“పిలవండి. నాలుగు షాపుల అవతల డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఉంటాను. అడ్రసు సరిగ్గా చెప్పండి, పాపం వాళ్ళు వెతుక్కోకుండా.”

అలా అని నడిచింది. పరుగెత్తలేదు, పరుగెత్తితే దొర తల కదులుతుంది కాబట్టి. ఆమె వెనక చెప్పులు టపటపలాడిస్తూ బిల్డింగాయన, ఆయన వెనక “అయ్యగారూ, అయ్యగారూ” అంటూ వదిన. మందుల షాపు దాటారు, తాళాలు బాగుచేసేవాడి బండి దాటారు. తాళాలవాడు పని ఆపి, “అక్కా, ఎక్కడికి ఊరేగింపు?” అని అరిచాడు. “పెళ్ళికి! నువ్వూ రా!” అంది చెవులక్క.

డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. లైటున్న గొట్టం చెవిలో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దొరకి సూది మందు వేసి, వాడు నిద్రలోకి జారాక, సన్నటి పొడుగాటి పట్టకారు తీసుకుంది. బిల్డింగాయన తలుపు దగ్గర నిలబడి రొప్పుతున్నాడు. అప్పటిదాకా కేకలు వేసిన మనిషి పట్టకారు చూడగానే మెత్తబడి, గోడని పట్టుకున్నాడు.

“ఇది ఎక్కడ పెట్టాలి?” అంది డాక్టరమ్మ పట్టకారు బయటికి తీస్తూ.

వదిన చెయ్యి చాపింది. హడావిడిలో ఆ తెల్ల సాసరు చేత్తో పట్టుకునే వచ్చిందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు.

సాసరులో పడింది ఒక గడ్డి ముల్లు. గోరంత పొడుగు. ఒక కొస సూదిలా ఉంది, ఒంటినిండా వెనక్కి తిరిగిన సన్నటి నూగు. “ఇది ముందుకే పోతుంది, వెనక్కి రాదు. పుల్లతో తోసిన కొద్దీ లోపలికి దిగింది” అంది డాక్టరమ్మ. “పొరకి ఆనుకుని ఆగింది. పొర ఇంకా చిరగలేదు. ఇంకొక్కసారి ఎవరైనా పుల్ల పెట్టుంటే చిరిగేది.”

బిల్డింగాయన సాసరులోకి చూశాడు. అమ్మో అనలేదు. ఫోటో తీసుకోలేదు. “రేపు పోటీకి...” అన్నాడు. 

“రేపు వీడు రాడు. ఈ వారమంతా ఎక్కడికీ రాడు” అంది చెవులక్క. “పోటీ వచ్చే ఏడు కూడా ఉంటుందండీ. చెవి ఉండదు.”

ఆయన నిద్రపోతున్న దొర కాలి పంజా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వదిన కాగితం మాట ఎత్తబోతే, “తర్వాత చూద్దాం” అన్నాడు. పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. చెవులక్క ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో మొగుడు బస్సు డ్యూటీకి తయారవుతున్నాడు. సంగతంతా విని, బూటు తాడు కట్టుకోవడం మానేసి, మొండోడి వంక చూస్తూ కూర్చున్నాడు. “నాకెందుకు చెప్పలేదే?” అన్నాడు. “సిగ్గేసింది” అంది ఆమె. “ఇప్పుడు?” అన్నాడు. “ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. కానీ ఇంక దాచను.” అతను లేచి, వెళ్తూ వెళ్తూ, “మా అక్కకీ నీకూ మధ్య నేను తలదూర్చను. కానీ నువ్వు చేసింది మంచి పని” అన్నాడు. మొగుడి నోటి వెంట అంత పొడుగు మాట వచ్చి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం ఎండ కిటికీలోంచి నేల మీదికి జారుతున్న వేళ, మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. మొండోడికి వినపడదు కదా, చెక్క మెట్ల అదురు మాత్రం కాళ్ళకి తెలిసింది. లేచి గుమ్మం వైపు తిరిగాడు. వదిన వచ్చింది. చేతిలో ఏప్రన్, మొహం నిండా చెమట.

“మోకాళ్ళ నొప్పులన్నావు?” అంది చెవులక్క, లోపలికి రమ్మనకుండా.

“ఉన్నాయే. అబద్ధం కాదు.” వదిన గుమ్మంలోనే నిలబడి మొండోణ్ణి చూసింది. చూడలేక చూపు తిప్పుకుంది, మళ్ళీ చూసింది. “ఆ రోజు సాసరు వెనక్కి తెచ్చింది నేనే. రెండుసార్లు.”

“మూడుసార్లు.”

“మూడా?” వదిన కళ్ళు తుడుచుకుంది. “నువ్వు వయసు మీద పడి పోయాయంటే, అవునా అన్నాను. నాకు తెలుసే. ఆ రోజే తెలుసు. వాడి అరుపు సోఫా దాకా వినిపించింది. ఈ మెట్లు ఎక్కితే వీడు కనిపిస్తాడని ఎక్కలేదు.”

చెవులక్క లోపలికి జరిగి దారి ఇచ్చింది.

“రేపట్నించి రా” అంది వదిన, ఏప్రన్ చాపుతూ.

“ఆ సాసరు షాపులో ఉంటే రాను.”

“లేదు. ఇప్పుడే మెట్లెక్కే ముందు గోడకేసి కొట్టాను. ముక్కలు కింద చెత్తబుట్టలో ఉన్నాయి. నమ్మకపోతే వెళ్ళి చూసుకో.”

“ఆయన సంతకం పెట్టకపోతే?”

“రోడ్డు మీద కూర్చుని తుడుద్దాం. ఫ్యాను కూడా ఉండదు, పీడా పోయింది.” వదిన నవ్వబోయింది, నవ్వు రాలేదు. “కానీ, ఇక జనానికి ఏం చూపిస్తామే?”

“కుక్కని చూపిద్దాం.”

వదిన తలూపింది. తర్వాత కొంచెం చిన్న గొంతుతో, “నన్ను క్షమించగలవా?” అంది.

“నేనెవర్ని క్షమించడానికి? నాకే దిక్కు లేదు. వాణ్ణి అడుగు.”

“వాడికి వినపడదు కదే!”

“అందుకే. అడగడం కుదరదు. వెళ్ళి పక్కన కూర్చో.”

చెవులక్క మడమతో నేల మీద రెండుసార్లు తట్టింది. మొండోణ్ణి పిలవడం అలాగే. వాడు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకున్నాడు. వదిన గోడ పట్టుకుని, మూలుగుతూ, మోకాళ్ళు విరుచుకుంటున్నట్టు వంగి నేల మీద చతికిలబడింది. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత వాడి చెవి వైపు మెల్లగా చెయ్యి చాపింది. 

వాడు తల పక్కకి లాక్కున్నాడు. మొరగలేదు, కరవలేదు, లాక్కున్నాడంతే. వదిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నన్ను ముట్టుకోనివ్వడానికి పదకొండు నెలలు పట్టింది” అంది చెవులక్క, ఏప్రన్‌ని తలుపు వెనక మేకుకి తగిలిస్తూ. “రేపు మళ్ళీ రా.”